ఫర్వానియా ఎక్కడుంది

1990 ఆగస్టు 6, సోమవారం. రాజంపేటలో పొద్దుటినుంచీ ఉక్కపోత. మధ్యాహ్నం పాలకొండల మీదికి నల్లమబ్బు ఒకటి వచ్చి, ఊరిని ఒకసారి చూసి, చినుకైనా రాల్చకుండా నందలూరు వైపు వెళ్లిపోయింది. ఆ ఏడాది మబ్బులకు మర్యాద తెలియలేదు. సరే, ఆ సంగతి వేరు.

సాయంత్రం పెంచలయ్య కాలేజీ నుంచి తిన్నగా చిన్న దర్గా పక్కనున్న గదికి వచ్చాడు. హుస్సేన్ పీరా సాహెబ్ అక్కడ రోజూ నలుగురైదుగురు కుర్రవాళ్లను చాప మీద కూర్చోబెట్టుకునేవాడు. మంచి మాటలకోసమని వచ్చేవాళ్లు. ఆయన మాటలు తక్కువ చెప్పి చాయ్ ఎక్కువ పోసేవాడు.

"మా క్లాసులో అందరూ మొద్దులే సాబ్," అన్నాడు పెంచలయ్య. "కువైట్‌లో యుద్ధం మొదలై నాలుగు రోజులాయె. దాని సరిహద్దులేవని సార్ అడిగితే ఒక్కడూ నోరు తెరవలేదు. నాగమునెయ్య అయితే తలే ఎత్తలేదు."

"నువ్వు చెప్పినావా?"

"సరిహద్దులు, రాజధాని, దీనారు, విస్తీర్ణం, అన్నీ చెప్పినా. ఈ నెల ఇరవైన కడపలో ప్రపంచ విషయాల మీద పోటీ ఉంది. కాలేజీ తరఫున నేనొక్కణ్ణే. అంతవరకూ మీ రేడియో ఇస్తే గెలుచుకొని వస్తా."

ఆ రేడియోకు తోలుసంచి ఉండేది, తిప్పే బిరడా ఉండేది కాదు. ఇనుప పుల్లతో తిప్పాలి. అయినా గొంతు మాత్రం గంట.

"ఇస్తా బేటా. ముందు దీన్ని నాగమునెయ్య ఇంటికి తీసుకపో. వార్తలు వినిపించి, ఏం చెప్పినారో నాకొచ్చి చెప్పు."

నాగమునెయ్య ఇంటి అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారు. అతని తండ్రి కువైట్‌కు పోయి నాలుగు నెలలే. టేపురికార్డరు పంపుతానన్నాడట, ఇంకా పంపలేదు. రేడియో చూడగానే నాగమునెయ్య తల్లి అక్కులమ్మ అరుగు తుడిచి చోటిచ్చింది.

విమానాశ్రయం మూసేశారని, ఫోన్లు పనిచేయడం లేదని వార్తల్లో చెప్పారు. తర్వాత వానల సంగతికి వెళ్లిపోయారు.

"ఆయన ఉండే ఫర్వానియా పేరేమన్నా అన్నాడా నాయనా?" అని అడిగింది అక్కులమ్మ.

"అనలేదమ్మా."

"అది విమానాల కాడికి దగ్గరా, దూరమా?"

పెంచలయ్యకు తెలియదు. పదిహేడు వేల ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు అన్న మాట నోటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"దగ్గరే మా," అన్నాడు నాగమునెయ్య. చూరులోంచి మూడు జాబులు తీశాడు. "నాయన పండుకునే మిద్దె మీదికి విమానాలు కనపడతాయంట. కింద రొట్టెల అంగడి. పనికి పోయే బస్సు ఈ మలుపులో ఆగుతాది."

క్లాసులో తల ఎత్తనివాడు ఆ వీధంతా మట్టిలో వేలితో గీశాడు. పెంచలయ్య వంగి చూశాడు. అడిగి అడిగి చూశాడు.

గదికి తిరిగి వచ్చేసరికి సాహెబ్ చాయ్ వడగడుతున్నాడు.

"రేడియో యాడ?"

"రేపు పొద్దున వార్తలకు వాళ్లకు కావాల సాబ్. ఆడనే పెట్టి వచ్చినా."

"మరి నీ పోటీ?"

"రోజూ ఆడికే పోయి వింటా."

సాహెబ్ గ్లాసు ముందుకు జరిపాడు. "ఇప్పుడు చెప్పు బేటా. కువైట్ యాడుంది?"

పెంచలయ్య నాగమునెయ్య ఇల్లున్న సందువైపు చూశాడు.

కడప పోటీలో అతనికి రెండో స్థానం వచ్చింది. అక్టోబరులో నాగమునెయ్య తండ్రి చేతిసంచి ఒక్కటితో క్షేమంగా ఇల్లు చేరాడు.

పన్నెండేళ్ల తర్వాత సాహెబ్ పోయాడు. గది దర్గాకు చెందింది. చాయ్ గిన్నె ఖలీల్ అనే శిష్యుడు పట్టుకుపోయాడు. ఆయన పాత అట్లాసు కాలేజీకి పోయింది. రేడియో ఎటూ అక్కులమ్మ గూట్లోనే ఉంది కనుక ఆమెదే అయింది. అన్నేళ్లూ సాయంత్రం వార్తలకు ఆ అరుగు మీదికే పోయి కూర్చున్న పెంచలయ్యకు మాత్రం ఏమీ రాలేదు.