ఎక్కడ నిలబడి చెప్పాలి

పన్నెండు మంది పిల్లల్లో పదకొండు మందికి వచ్చిన అడుగు నాగవేణికి మాత్రం రాలేదు. రెండు నెలలుగా రాలేదు. ఇంకో పది రోజుల్లో, బుధవారం నాడు, ఆ పిల్ల అమ్మానాన్నలు సుగ్గికి పోతున్నారు.

ఆదోని చుట్టుపక్కల వాన మొహం చాటేసిన ఏడు, ఊళ్ళకు ఊళ్ళే ఇళ్ళకు తాళాలేసి, దూరపు జిల్లాల్లో పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ లారీలెక్కి పోతాయి. దాన్నే సుగ్గి అంటారు. పోయినవాళ్ళు ఉగాదికి గానీ తిరిగి రారు. వాళ్ళ వెంట పోయిన పిల్లలు ఊరికైతే వస్తారు గానీ, బడికి రావడం అరుదు.

నాగవేణి తల్లి లింగమ్మ బడి దాకా వచ్చి మరీ చెప్పిపోయింది.

"చదువొస్తే అవ్వ కాడ ఇడ్సిపోతాం మేడమ్. మూడో తరగతికొచ్చినా పేరు రాసుకునేకి రాకపాయె. ఊరికే కూచునేకి బడెందుకు? మాతో వస్తే నా సిన్నోన్నన్నా ఎత్తుకుంటాది."

ఆమె మాటలో కోపం లేదు. అందుకే అది సుభాషిణికి ఇంకా గట్టిగా తగిలింది.

సుభాషిణి ఆ బడిలో టీచరు. చదువు అందరిలా ఎక్కని పిల్లలను రోజూ పొద్దున ఒక గంట వేరే గదిలో కూర్చోబెట్టుకుంటుంది. కూర్చోబెట్టుకుంటుంది అనడం తప్పు, నిలబెట్టుకుంటుంది. పోయిన వేసవిలో కర్నూలులో పది రోజులు శిక్షణకు పోయి, ఒంటిని కదిలిస్తూ నేర్పే పద్ధతులు నేర్చుకుని వచ్చింది. గీత మీద నడవడం, బంతిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చడం, నేల మీద సుద్దముక్కతో పెద్దగా గీసిన అక్షరం వెంబడి నడవడం. అన్నిటికన్నా ముఖ్యమైనది, కుడి చేత్తో ఎడమ మోకాలు, ఎడమ చేత్తో కుడి మోకాలు తాకుతూ అడుగులు వేయడం.

ఊరికే పొగడడం కాదు, అవి పని చేశాయి కూడా. నిమిషం కుదురుగా ఉండని మునెప్ప ఇప్పుడు ఒక ఎక్కం రాసేదాకా కదలడం లేదు. ఎవరికి ఏ అడుగు వచ్చిందో, ఏది రాలేదో సుభాషిణి ఒక నోటుపుస్తకంలో గుర్తులు పెట్టుకునేది. ఆ పుస్తకమంటే ఆమెకు కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే గర్వం.

ఆ పుస్తకంలో నాగవేణి పేరుకు ఎదురుగా అన్నీ ఇంటు గుర్తులే. మోకాలి అడుగు మొదలుపెట్టగానే ఆ పిల్ల చెయ్యి సగం ఎత్తి ఆగిపోయేది. టీచరు చేతినీ తన చేతినీ మార్చి మార్చి చూసుకునేది. తర్వాత రెండు చేతులూ దించేసి, తల వంచుకుని నిలబడేది. బుజ్జగించినా అంతే, గదమాయించినా అంతే. సుభాషిణికి తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆదివారం నాడు ఆమె తన పాత గురువు దగ్గరికి బయలుదేరింది.

ఆయన పేరు పక్కీరప్ప. దూదేకుల ఆయన. డెబ్బై దాటాయి. చుట్టుపక్కల ఊళ్ళల్లో రామభజనకు చెక్క పట్టిన వాళ్ళలో సగం మంది ఆయన నేర్పినవాళ్ళే. జానెడు కొయ్య చెక్కలు, వాటిలో ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు, వరసలు కట్టి వేసే అడుగులు, ఇవే ఆయన ఆస్తి. సుభాషిణి అయిదో తరగతిలో ఉండగా ఆయన దగ్గర చేరి, ఏడేళ్ళు చెక్కభజన ఆడింది.

ఆయన వసారాలో ఒకే ఒక ఈతచాప ఉంటుంది. దాని మీద గురువు. ఎదురుగా నేల మీద శిష్యులు. కలెక్టరు వచ్చినా నేల మీదే కూర్చోవాలని ఊళ్ళో చెప్పుకుంటారు. కలెక్టరు ఎప్పుడూ రాలేదనుకోండి.

సుభాషిణి వెళ్ళేసరికి ఆయన చెక్కలకు ఆముదం పట్టిస్తున్నాడు. ఆమె నేల మీద కూర్చుని అరగంట సేపు చెప్పింది. శిక్షణ గురించి, పుస్తకం గురించి, నాగవేణి గురించి, లారీ గురించి. చివరికి అడిగింది.

"ఏ అడుగు మారిస్తే ఆ పిల్లకు వస్తాదో మీరు చెప్పాల గురువయ్యా."

పక్కీరప్ప చెక్కను వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"నువ్వు యాడ నిలబడి సెప్తావు పాపా?"

"ఎదురుగానే. పిల్లోళ్ళు నాకు కనపడాల గదా."

"ఊఁ" అని ఆయన ఇంకో చెక్క అందుకున్నాడు. "మంగళారం వస్తాలే."

ఇంత చెబితే అడిగేది ఇదా అని సుభాషిణి మనసు చివుక్కుమంది. అయినా గురువు కదా, లేచి దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

మంగళవారం ఆయన ఆటోలో దిగాడు. భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. గదిలో వెనకవైపు కిటికీ గట్టు మీద కూర్చుని, కానివ్వమన్నట్టు తలాడించాడు.

చూసేది గురువాయె. సుభాషిణి ఆ రోజు మరీ శ్రద్ధగా చెప్పింది. ఎదురుగా నిలబడి నేర్పేటప్పుడు పిల్లలకు అద్దంలో చూసుకున్నట్టు ఉండాలని శిక్షణలో చెప్పారు. అందుకని ఆమె నోటితో "కుడి" అంటూ తన ఎడమ చెయ్యి ఎత్తేది. "ఎడమ" అంటూ కుడి చెయ్యి ఎత్తేది. పదకొండు మందీ చకచకా మోకాళ్ళు తాకుతున్నారు. నాగవేణి చెయ్యి సగంలో ఆగింది.

"కుడి, నాగవేణీ. కుడి."

ఆ రెండో "కుడి" కాస్త గట్టిగానే వచ్చింది. అలవాటుగా ఆమె చెయ్యి బల్ల మీది నోటుపుస్తకం వైపు పోయింది.

పక్కీరప్ప లేచి వచ్చాడు. "ఆ బుక్కు ఇట్లియ్యి" అని తీసుకున్నాడు. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, పైన తన తువ్వాలు కప్పాడు. తర్వాత నాగవేణి ముందు గొంతుక్కూర్చుని, సంచిలో నుంచి గజ్జెలు తీసి, ఆ పిల్ల కాళ్ళకు కట్టడం మొదలుపెట్టాడు.

సుభాషిణి నిర్ఘాంతపోయింది. ఏడాది పాటు చెక్క పట్టి, మొదటి వరస అడుగులన్నీ వచ్చాక గానీ ఆయన ఎవరి కాలికీ గజ్జె కట్టడు. తనకూ ఏడాది తర్వాతే కట్టాడు. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నారు.

"యాడ ఆగిపోతాంది తల్లీ?" ముడి వేస్తూ అడిగాడు ఆయన, పక్కింటివాళ్ళను యోగక్షేమాలు అడిగినట్టు.

ఆయన తొందరపెట్టలేదు. రెండో కాలికి ముడి పడుతుండగా ఆ పిల్ల మెల్లగా అంది.

"మేడమ్ కుడి అంటాది. గడియారం చెయ్యి ఎత్తుతాది. గడియారం చెయ్యి ఎడమ అని మేడమే సెప్పింది."

సుభాషిణి తన మణికట్టు చూసుకుంది. నిజమే. జూన్‌లో కుడి ఎడమలు నేర్పేటప్పుడు, గడియారం ఉన్న చెయ్యి ఎడమ చెయ్యని తనే చెప్పింది. మిగతా పిల్లలు మాటను గాలికి వదిలేసి, కంటికి కనబడినట్టు చేసేశారు. మాటనూ కంటినీ రెండింటినీ నమ్మింది నాగవేణి ఒక్కతే. రెండు నెలల ఇంటు గుర్తులన్నీ ఆ నమ్మకానికే పడ్డాయి.

ఆమెకు సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"గడియారం తీసేస్తాను గురువయ్యా. రేపటి నుంచి సరిగ్గా చూపిస్తాను" అంది.

"ఊఁ" అన్నాడు గానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఇంకో జత గజ్జెలు తన కాళ్ళకు కట్టుకున్నాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. తన చెక్కలు నాగవేణి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ పిల్లకు వీపు తిప్పి నిలబడ్డాడు.

మొదటి అడుగు వేశాడు. గజ్జె మోగింది. వెనక ఏ చప్పుడూ లేదు.

ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు. కాసేపటికి వెనక నుంచి చిన్న చప్పుడు వచ్చింది. అప్పుడు ఆయన రెండో అడుగు వేశాడు.

అట్లా సాగింది. నాగవేణి ఒకసారి వరసగా రెండుసార్లు కుడికాలే వేసింది. ఆ చప్పుడును బట్టి ముందున్న ముసలాయనా రెండుసార్లు కుడికాలే వేశాడు. ఆ పిల్ల సందేహపడి కాలు ఎత్తి పట్టుకుంటే, ఆయనా కాలు ఎత్తి పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆ వయసులో, ఆ మోకాలితో. కాలు వణుకుతోంది. ఆ పిల్ల దించాక గానీ ఆయన దించలేదు.

నాలుగు చుట్లు తిరిగాక రెండు గజ్జెల చప్పుడూ దగ్గరపడింది. పక్కీరప్ప కుడి చెయ్యి చాచి ఎడమ మోకాలు తాకాడు. వెనక నాగవేణి చెయ్యి కూడా పోయి మోకాలిని తాకింది. రెండో పక్కా తాకింది. ఆ పిల్ల ఎవరి వైపూ చూడలేదు. చూసేందుకు ముందు ముఖమేదీ లేదు, ఒక తెల్ల చొక్కా వీపు ఉంది అంతే.

గురువు వెనక పిల్ల చక్కగా అడుగు వేస్తోందని సుభాషిణి సంబరపడింది. కాస్త చెవి పెట్టి వింటే సంగతి వేరుగా ఉంది. ముందు మోగుతున్నది వెనకున్న గజ్జె. ముసలాయన గజ్జె దాని తర్వాత, ఇంతే ఇంత ఆలస్యంగా మోగుతోంది.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. పిల్లలు చూస్తారని కిటికీ వైపు తిరిగింది.

పక్కీరప్ప ఆయాసపడుతూ గట్టు మీద కూర్చుని, తన కాళ్ళ గజ్జెలు విప్పుకున్నాడు. "ఆ పిల్లవి ఆ పిల్ల కాడే ఉండనీ" అన్నాడు. చెక్కలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు. తువ్వాలు మరిచిపోయాడు. సుభాషిణి దాన్ని కదపలేదు, దాని కింద ఉన్నదాన్నీ తియ్యలేదు.

మర్నాడు ఆమె గడియారం ఇంట్లో పెట్టి వచ్చింది. పిల్లలకు వీపు తిప్పి అడుగులు వేసింది. మూడో రోజు ఇంకో పని చేసింది. నేల మీద సుద్దముక్కతో బారెడు 'నా' గీసి, నాగవేణిని ముందు నిలబెట్టి, తను వెనక నిలబడింది. ఆ పిల్ల ఎటు నడిస్తే అటు నడిచింది. గోడకు పోయి తగిలితే తనూ తగిలింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాగవేణి కూడా నవ్వింది. ఆ గదిలో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

మాయలూ మంత్రాలూ ఏమీ జరగలేదు. సోమవారానికి 'నా' వచ్చింది. మంగళవారం సాయంత్రానికి 'గ' వచ్చింది. నడిచి, ఆ తర్వాత పలక మీద రాసింది. 'వే' దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకా గోడ దాకా పోతూనే ఉంది.

బుధవారం వచ్చేసింది. పొద్దున్నే లారీ వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగింది. సద్దిమూటలూ బిందెలూ ఎక్కుతున్నాయి. లింగమ్మ చంకలో పిల్లవాడితో బడి గుమ్మంలోకి వచ్చింది.

"రా మే, పోదాం. మీ నాయన అరుస్తాండాడు."

సుభాషిణి వారం రోజులుగా ఏమేమో మాటలు సిద్ధం చేసుకుంది. అవి చెప్పేలోగానే గజ్జెలు మోగించుకుంటూ నాగవేణి తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నా ఎనక నిలబడు."

"లారీ పోతాదే."

"ఒక్కసారి."

లింగమ్మ కూతురి ముఖం చూసింది. చంకలోని పిల్లవాణ్ణి సుభాషిణికి అందించి, చెప్పులు గడప బయట విడిచి, కూతురి వెనక నిలబడింది. మునెప్ప ఆమె వెనక నిలబడ్డాడు. మిగతా పిల్లలు వాడి వెనక. పిల్లవాణ్ణి చంకనేసుకుని సుభాషిణి అందరికన్నా చివర.

నేల మీద గీసి ఉన్న సుద్దగీతల వెంబడి నాగవేణి నడిచింది. కూతురు ఒంపు తిరిగిన చోట తల్లి ఒంపు తిరిగింది. పగుళ్ళిచ్చిన ఆమె పాదాలకు సుద్దపొడి అంటుకుంది. రెండు అక్షరాలూ అయ్యాక నాగవేణి ఆగి, వెనక్కి తిరిగింది.

"అది నా. ఇది గ. ఇంగా రెండుండాయి. అవి నాకింగా రాలే."

"ఇది నీ పేరా?"

"సగం."

లింగమ్మ నేల మీది గీతలను చాలాసేపు చూసింది. బయట లారీ హారన్ కొట్టింది.

"నా పేరు ఎట్లుంటాది?" అని అడిగింది.

"నేర్సుకోని ఉగాదికి సెప్తా" అంది నాగవేణి.

లింగమ్మ వరస చివరిదాకా నడిచి వచ్చి, సుభాషిణి చంకలో నుంచి పిల్లవాణ్ణి తీసుకుంది. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా కూతురితో అంది.

"అవ్వకు కండ్లు సరీగా ఆనవు. నీళ్ళకు నువ్వే పోవాల. పొయ్యి కాడ జాగర్త."

ఆదివారం సుభాషిణి గురువు తువ్వాలు ఉతికి, మడత పెట్టి తీసుకుపోయింది. ఆయన వసారాలో చెక్కలకు ఆముదం పట్టిస్తున్నాడు. ఆమె ఎప్పటిలాగే ఎదురుగా నేల మీద కూర్చుంది.

"లింగమ్మ పిల్లను ఇడ్సిపోయింది గురువయ్యా."

"ఊఁ."

చేతిలోని చెక్కను పక్కన పెట్టాడు. తర్వాత ఆయన అడిగాడు.

"నువ్వు యాడ నిలబడినావు?"

"అందరి ఎనక. సంకలో పిల్లోనితో."

పక్కీరప్ప చేతికంటిన నూనె పంచెకు తుడుచుకున్నాడు. మోకాలు పట్టుకుని, చాప మీద ఒక పక్కకు జరిగాడు. జరిగి, మిగిలిన సగం చాపను అరచేత్తో దులిపాడు.