కత్తిరించిన అంచు

అనగా అనగా, ఎండకు కూడా చలి వేసేంత ఉత్తరాన, ఫిన్లాండు అనే మంచుదేశంలో, ఒక సరస్సు పక్కన గుడ్డల మీద అచ్చులు వేసే కార్ఖానా ఉండేది. దాని యజమాని వాల్టెరి. అందులో బొమ్మలు గీసే మనిషి హిల్కా.

ఆ దేశపువాళ్లు మాటల్లో మహా పొదుపు. పక్కవాడు కాలు తొక్కినా, తొక్కావని చెప్పడం మర్యాద కాదనుకుంటారు. మర్యాద మంచిదే. ఎంతవరకు మంచిదో ఈ కథ విన్నాక మీరే చెప్పండి.

ఒక ఏడు, చలికాలం వెళ్లిపోయే రోజుల్లో, హిల్కా భర్త చేపలు పట్టడానికి గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లాడు. మంచు పగిలింది. మనిషి తిరిగి రాలేదు. హిల్కా నలుగురిలో ఏడవలేదు. పదకొండు రోజులు తలుపు వేసుకుని ఒక బొమ్మ గీసింది. తెల్లటి మంచు, దాని మీద బారెడేసి నల్లటి పగుళ్లు, పగుళ్ల మధ్య కాస్త నీలం. అంతే.

చూసినవాళ్లకు ఎందుకో ఆ బొమ్మ కళ్లలో నిలిచిపోయేది. కిటికీలకు ఆ గుడ్డే, బల్లల మీద ఆ గుడ్డే, దిండ్లకూ ఆ గుడ్డే. ఎందుకు గీశావమ్మా అని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఆ కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. బొమ్మ ఎవరు గీస్తే వాళ్ల పేరు గుడ్డ అంచు పొడుగునా అచ్చు వేస్తారు. అలా హిల్కా పేరు కూడా వేలెడేసి అక్షరాలతో పడింది.

ఏడాది తిరిగింది. వాల్టెరి వచ్చాడు.

"హిల్కా, అంచున పేరుకే బోలెడు రంగు పోతోంది. అక్షరాలు చిన్నవి చేద్దాం."

పేరు కోసం పేచీ పెట్టుకుంటే ఏం బాగుంటుంది అనుకుంది హిల్కా. నోరు మెదపలేదు. అక్షరాలు చీమలంత అయ్యాయి.

ఇంకో ఏడాది తిరిగింది. "కొనేవాళ్లకు తెలిసింది నా పేరే కదా. ఇక నుంచి అంచున నా పేరే వేయిస్తాను. నువ్వేమీ అనుకోవుగా?" అన్నాడు వాల్టెరి.

అనుకుంది. అనలేదు.

మూడో ఏడు ఆ బొమ్మ కప్పుల మీదికి, పళ్లేల మీదికి ఎక్కింది. కప్పుకు అంచున పేరెక్కడ వేస్తారు? అడుగున వాల్టెరి ముద్ర పడింది. ఈసారి ఆ పెద్దమనిషి చెప్పను కూడా చెప్పలేదు. హిల్కా కప్పు తిరగేసి చూసుకుని, మళ్లీ ఉన్నచోటే పెట్టేసింది.

ఇలా ఉండగా నగరసభ చాటింపు వేయించింది. ఏ ఇంట చూసినా కనబడే ఆ మంచు బొమ్మను గీసినవారి పేరూ, ఎలా గీశారన్న కథా సభామందిరం గోడ మీద రాతిలో చెక్కిస్తారట.

వాల్టెరి కొత్త కోటు తొడుక్కుని సభకు వెళ్లాడు. "ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతుంటే సరదాగా తోచింది. గీసేశాను," అన్నాడు. సభంతా ముచ్చటపడి నవ్వింది.

సరదాగా అట. ఆ మాటకు వెనక వరసలోంచి హిల్కా లేచి నిలబడింది.

"ఆ నీళ్లలో నా భర్త ఉన్నాడు. ఆ బొమ్మ గీసింది నేను," అంది.

నగరపెద్ద ఒక ముసలావిడ, న్యాయం ఎరిగిన మనిషి. "అంచున నీ పేరున్న పాత గుడ్డ ఒక్కటి పట్టుకురా అమ్మా. మూడు రోజులు గడువిస్తున్నాను," అంది.

కార్ఖానా పనివాళ్లకు నిజం తెలియదా అంటే, తెలుసు. వాళ్ల కూడు వాల్టెరి చేతిలో ఉంది. అందరూ నేల చూపులు చూశారు.

హిల్కా మొదటి ఇంటికి వెళ్లింది. కిటికీకి తన గుడ్డే వేలాడుతోంది. "అంచా? కుట్టేటప్పుడే కత్తిరించి పారేశాం," అంది ఇల్లాలు. రెండో ఇంట్లో బల్ల మీద తన గుడ్డే. "అంచు బిరుసుగా ఉంటే కోసేసి మడిచి కుట్టాను. ఎవరైనా అంతే కదా," అందావిడ. నిజమే, ఎవరైనా అంతే. హిల్కా తన ఇంట్లోనూ అదే చేసింది.

మూడోది అత్తగారి ఇల్లు, సరస్సు నడుమ దీవిలో. "నేను పారేయలేదే," అని అత్తగారు ఆమెను ఆవిరిస్నానపు గదిలోకి తీసుకెళ్లింది. ఆ దేశంలో ఆవిరిలో కూర్చుని, ఆకులున్న కొమ్మల కట్టతో ఒళ్లు తట్టుకుంటారు. ఆ కట్టకు తాడులా చుట్టి ఉంది అంచు పీలిక. దాని మీద వేలెడేసి అక్షరాలతో హిల్కా పేరు. హిల్కా అక్కడే చతికిలబడి, భర్త పోయిననాడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

ఆ పీలికనూ, దాన్ని కత్తిరించిన అత్తగారి కిటికీ తెరనూ సభకు తెచ్చింది. నగరపెద్ద రెండింటినీ పక్కపక్కన పరిచింది. పీలిక ఆ తెరదే అయితే, తెర మీది పగుళ్లు పీలికలోకి పాకాలి. మొదటిది కలిసింది. రెండోది కాస్త జరిగింది. మూడోది కలవనే లేదు.

"ఏళ్ల తరబడి ఆవిరిలో నానింది. ముడుచుకుపోయిందమ్మా," అంది హిల్కా.

"ముడుచుకుందో, వేరే గుడ్డదో ఎవరికి తెలుసు? ఈవిడ గీసిన బొమ్మలు ఇంకా చాలా ఉన్నాయి," అన్నాడు వాల్టెరి.

పేరు ఎలా పోయిందో హిల్కా మొదటినుంచీ చెప్పింది. నగరపెద్ద ఆమె వైపు తిరిగింది. "నీ పేరు చిన్నది చేసినప్పుడు ఏమన్నావు?"

"ఏమీ అనలేదు."

"నీ పేరు తీసేసినప్పుడు?"

"ఏమీ అనలేదు."

"కప్పుల అడుగున అతని ముద్ర వేసినప్పుడు?"

హిల్కా తల వంచుకుంది.

"నీ మాట నిజమేనని నాకనిపిస్తోంది తల్లీ. నాకనిపించినదాన్ని రాతి మీద చెక్కించలేను," అంది ఆ ముసలావిడ.

రాతి మీద వాల్టెరి పేరు చెక్కారు. కాఫీ సంగతి కూడా చెక్కారు.

మర్నాడు కొత్త బొమ్మ కావాలని వాల్టెరి కబురు పంపాడు. "ఇక గీయను," అంది హిల్కా. ఆ మాట అనడం ఇంత తేలికా అని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఇంట్లో ఒక్కతే కూర్చుని కాఫీ పోసుకుంది. కప్పు మీద అదే పగిలిన మంచు. కప్పెత్తి తాగితే, అడుగునున్న వాల్టెరి పేరు ఎదుట కూర్చున్నవాళ్లకు కనబడుతుంది. ఎదుట కూర్చోవాల్సినవాడు ఆ నీళ్లలోనే ఉండిపోయాడు.

కాబట్టి పిల్లలూ, మనది మనదని మొదటిసారే చెప్పాలి. మర్యాదకని మూడుసార్లు ఊరుకుంటే, నాలుగోసారి నిజం చెప్పినా దాన్ని నిలబెట్టడం మంచివాళ్ల వల్ల కూడా కాదు.