లక్క మీద బొటనవేలు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు, తలుపు తీసే ఉంది. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో ముక్కున వేలేసుకోకూడదు.

తాడికొండ పరాంకుశంగారు మా పట్నం మ్యూజియంలో నాణేల గదికి అధిపతి. బండ మీద నాణెం జారిపడితే, రెండు గదుల అవతల కాఫీ తాగుతూనే అది ఏ రాజుదో, ఏ ఊరి టంకశాలదో చెప్పేవారు. ముద్ర కొట్టినవాడు ఆ పూట పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేవారు. నకిలీ నాణెం ఆయన ఎదుట పెడితే చెమటలు పట్టేవి. ఆయనకు కాదు, నాణేనికి! అంతటి మనిషికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పేవారు కాదు.

ఆయన పదవీ విరమణకు ముందురోజు సాయంత్రం శిష్యురాలు సువర్చల పిడికిలి బిగించుకుని వచ్చి నిలబడింది. మర్నాడు ఆయనకు సన్మానం. ఈ ప్రాంతాన్ని ఏలిన ఇద్దరు పాత రాజుల్లో విల్లు ముద్రవాడు ముందు, ఏనుగు ముద్రవాడు తర్వాత అని తేల్చినందుకే ఆ సన్మానం. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలన్నిటిదీ అదే పాట. ఆ మధ్యాహ్నం, ఎవరి పొలంలోనో దొరికిన సీసపు నాణేలను పరిశీలిస్తూ సువర్చల ఒకదాన్ని వెలుతురుకు వాల్చి చూసింది. పైన విల్లు. దాని కింద, అణిగిపోయి, ఏనుగు తొండం. పాత రాజు నాణెం మీదే కొత్త రాజు తన ముద్ర కొట్టించాడన్నమాట. అంటే ఏనుగే ముందు! చెబితే గురువుగారి సన్మానం పాడు, చెప్పకపోతే తన చదువే పాడు. తెచ్చుకున్న అన్నం డబ్బాలో అలాగే ఉండిపోయింది.

"గురువుగారూ, గురువు మాట తప్పని తేలితే శిష్యురాలు ఏం చేయాలండీ?"

"ముందు ఆ పిడికిలి విప్పమ్మా. చెమటకు నాణెం పాడవుతుంది."

భూతద్దం పెట్టి చూశారు. గోడ గడియారం కూడా ఊపిరి బిగబట్టింది, ఒట్టు! చివరికి, "మస్తాన్‌వలీ! లక్క పట్రా" అని అటెండరును కేకేశారు.

రోజూ సాయంత్రం నాణేల గదికి తాళం వేసి, తాళం మీద లక్క పోయించి, ఇత్తడి ముద్ర అద్దడం ఆయన పని. ఇక అదే చివరిసారి. అద్దారు. ముద్రలోని పద్మం లక్కలో నిండుగా విచ్చుకుంది. అది ఆరకముందే సువర్చల వైపు తిరిగి, "ఇప్పుడు దీనిమీద నీ బొటనవేలు అద్దు" అన్నారు.

"అయ్యో, మీ ముద్ర చెడిపోతుందండీ!"

"చెడదే పిచ్చితల్లీ. కిందికి వెళుతుంది."

"అయ్యగారూ, రేపు పెద్దాఫీసరు ఈ సీలు చూస్తే నన్ను ఉరి తీస్తాడండీ" అని మొత్తుకున్నాడు మస్తాన్‌వలీ.

"తాడు నేను కొనిపెడతాలే. కొవ్వొత్తి సరిగ్గా పట్టు."

సువర్చల అద్దింది. ఆమె వేలి గీతల కింద పద్మం రేకులు ఇంకా కనిపిస్తున్నాయి. పరాంకుశంగారు వంగి చూసి నవ్వారు. ఆ నవ్వుకు గది లోపలి నాణేలన్నీ ఘల్లుమన్నాయి! తర్వాత ఆ సీసపు నాణేన్ని రెండు కళ్ళకూ అద్దుకున్నారు.

మర్నాడు సభలో శాలువా కప్పారో లేదో, మైకు లాక్కున్నారు. "ఏనుగే ముందు. నేను చెప్పింది తప్పు. ముప్పై ఏళ్ళు నాకు అన్నం పెట్టిన తప్పు అది. దానికో దండం, దాన్ని దించిన ఈ పిల్లకో దండం!" అని సువర్చలను వేదిక మీదికి పిలిచి తన భూతద్దం ఆమె చేతిలో పెట్టారు.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "మీకు బాధగా లేదాండీ?" అంది.

"కింద లోహం మంచిది కాకపోతే, పైన ఎవరూ ముద్ర కొట్టరమ్మా" అన్నారాయన.

ఇవన్నీ కోతలంటారా? ఆ లక్క కరిగించినవాడు మ్యూజియం వెనక వీధిలోనే ఉన్నాడు, వెళ్ళి అడగండి. పేరు షేక్ మస్తాన్‌వలీ.