గొంతు కోసం నమిలిన వేరు

బొబ్బిలిలో వైద్యం చేసే కామావధానిగారికి ఒక పట్టుదల ఉండేది. రక్తపోటు ఉన్నవాళ్లు ఎవరొచ్చినా సరే, తాము మింగేవీ నమిలేవీ అన్నీ సంచితో తెచ్చి చాప మీద బోర్లిస్తే తప్ప ఆయన నాడి పట్టుకునేవారు కాదు. శిష్యుడు మృత్యుంజయానికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంగ్లీషు మాత్రలంటే సరే. ఆకులూ వేళ్లూ కూడా చూపించమంటారేం గురువుగారూ? అవేం చేస్తాయి?"

అప్పుడే హరికథలు చెప్పే పట్టాభిదాసు గుమ్మంలోకి వచ్చాడు. రెండు నెలలుగా అతని రక్తపోటు దిగిరావడం లేదు. పట్నం డాక్టరు రెండుసార్లు మాత్రలు పెంచినా లాభం లేకపోయింది. పైగా కాళ్లకు నీరు పట్టింది. ఇదే జబ్బుతో అతని తండ్రికి కథ మధ్యలో, వేదిక మీదే నోరు పడిపోయింది. ఆ భయం దాసును కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఈ మాత్రలన్నీ పారేసి ఇక మీ మందే వాడతానని చేతులు జోడించాడు. శిష్యుడి ముఖం వెలిగిపోయింది. గురువుగారు మాత్రం ఒక్క మాత్ర కూడా మానడానికి వీల్లేదని కరాఖండిగా చెప్పి, సంచి బోర్లించమన్నారు.

మాత్రలే పడ్డాయి. అయినా గురువుగారు నాడికి చెయ్యి చాచలేదు. దాసు దవడ వైపు చూసి, ఆ నములుతున్నదేమిటని అడిగారు.

"ఇది మందు కాదండీ, గొంతు కోసం. అతిమధురం. రెండు నెలల కిందట మీ శిష్యుడే ఇచ్చారు. ఉత్త వేరు కదా, రోజంతా నమిలినా ఏం కాదన్నారు."

మృత్యుంజయం సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోవలసిందే మరి. గురువుగారు ఆ వేరు ఉమ్మేయించి, అతిగా వాడితే అది ఒంట్లో నీరు నిలబెట్టి రక్తపోటును ఎగదోస్తుందని దాసుకు చెప్పారు. డాక్టరుకు ఉత్తరం రాయమని శిష్యుడికే పురమాయించారు. ఏ వేరు, ఎన్నాళ్లు, ఎవరిచ్చారు, అన్నీ అందులో ఉండాలన్నారు. మృత్యుంజయం తన పేరు దాచకుండా రాసి, దాసును వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు.

నెల తిరిగేసరికి రక్తపోటు దారిలోకి వచ్చింది. పెంచిన మాత్రలను డాక్టరే మళ్లీ తగ్గించాడు. ఆ కబురు మోసుకొచ్చిన శిష్యుడు, ఇక ఆ పాడు వేరును ఈ గడప తొక్కనివ్వనని శపథం పట్టాడు.

మందు నూరుతున్న గురువుగారు చెయ్యి ఆపారు.

"దాని మీద కోపమెందుకురా? నువ్వన్నట్టు అది ఏమీ చేయని వేరైతే, గొంతుకు మాత్రం ఎందుకిచ్చావు?"