కేతకీ సంగమాన ఆగిపోయిన తీరం

పూర్వం, తీరాలకు పేర్లే తప్ప హద్దులు లేని కాలంలో, త్రిశృంగ దేశాన్ని మణికేతుడనే మహారాజు పరిపాలించేవాడు. శత్రుభయంకరుడు, సత్యసంధుడు, యజ్ఞశీలుడు అయిన ఆ రాజుకు లేని సంపద లేదు. ఉన్నది ఒకే ఒక్క కొరత. భోజనానికి కూర్చుంటే ఉప్పుగాలి వాసన గుర్తుకొచ్చేది. కవులు సభలో స్తుతిస్తుంటే చెవిలో కెరటాలు విరిగేవి. ఒకనాడు పట్టమహిషి ఏదో చెబుతుండగా మధ్యలో "ఆటు మొదలైంది" అన్నాడు. ఆ మహాసాధ్వి ఆ పక్షమంతా ఆయనతో మాట్లాడలేదు.

దానికి కారణముంది. ఆయన బాల్యంలో తండ్రి రాజ్యం పరులపాలైతే, మంత్రులు పిల్లవాణ్ణి రహస్యంగా తీసుకుపోయి, కేతకీ నది సముద్రంలో కలిసే చోట, తపోనిధి అయిన శంఖపాద మహర్షి ఆశ్రమంలో దాచారు. మహర్షి దగ్గర వేదం, జాలరుల దగ్గర ఈత నేర్చుకుంటూ, పొన్నచెట్ల నీడలో, మొగలిపొదల వాసనలో ఆ బాలుడు పెరిగాడు. ఒక వేసవి ఉదయం, గురువు స్నానానికి వెళ్ళిన వేళ, తండ్రి గెలిచాడన్న వార్తతో రథం వచ్చింది. సేనాపతి పిల్లవాణ్ణి ఎత్తి రథంలో కూర్చోబెట్టాడు. గురువుకు నమస్కారమైనా పెట్టకుండానే గుర్రాలు కదిలాయి.

ఆ తరువాత యుద్ధాలు, యాగాలు, పట్టాభిషేకం, సంతానం. తల నెరిశాక, రాజ్యభారం కొడుకు భుజాలమీద పెట్టి, "ఒక్కసారి చూసి వస్తాను" అని మణికేతుడు బయల్దేరాడు.

రథం దిగి చూస్తే ఏదీ లేదు.

పొన్నతోపు ఉండవలసిన చోట ఉప్పునీటి కయ్య ఉంది. తాను పరుగులు తీసిన ఇసుకతిన్నె మీద పడవలు పోతున్నాయి. నది ఎక్కడో ఉత్తరాన సముద్రంలో కలుస్తోంది. బోర్లించిన పడవ పక్కన ఒక ముదుసలి ఎండుచేపలు ఏరుతోంది.

"అవ్వా, ఇక్కడ శంఖపాద మహర్షి ఆశ్రమం ఉండాలి. ఎక్కడ?" అని రాజు అడిగాడు.

ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని సముద్రంవైపు చూపించింది. "అదిగో, మూడో కెరటం ఇరుగుతున్నాది సూడు. దాని కింద." అని, అప్పుడు తల తిప్పి రాజు ముఖంలోకి నిదానంగా చూసింది. "ఓలమ్మో! పీత కరిసిందని నా కొంగట్టుకుని ఏడ్సిన మణిబాబువి కావేటి నువ్వు?"

పరివారం బిత్తరపోయింది. రాజాధిరాజైన మణికేతుడు చెవులదాకా ఎర్రబడి, "అది పెద్ద పీత, పైడమ్మా" అన్నాడు.

"సాల్లే. బొటనేలంత."

పైడమ్మ, ఆ బాలుణ్ణి మొదటిసారి తెప్పమీద సముద్రంలోకి తీసుకెళ్ళిన జాలరి పోలయ్యకు భార్య. అప్పుడు కొత్త కోడలు. ఇప్పుడు ఆ పల్లెకంతటికీ పెద్ద. రాజు ఆనందంతో ఆమె చేతులు పట్టుకొని, "పోలయ్య ఎక్కడ?" అన్నాడు.

"తుపాన్లో పోనాడు బాబూ. తెప్ప తిరిగొచ్చింది."

తరువాత రాజు, తీరం ఇంతగా ఎందుకు మారిందని అడిగితే ఆమె ఆ పల్లె ఆచారం చెప్పింది. నది కడలిలో కలిసే చోటును వారు మొగ అంటారు. వేసవిలో ఇసుక మేటవేసి మొగ మూసుకుపోతుంది. వానలకు ముందు పల్లెలో పెద్ద ఆడది కాలి బొటనవేలితో ఇసుకమీద గీత గీస్తుంది. ఆ గీత వెంట మగవాళ్ళు తవ్వి నదికి దారిస్తారు. ఏ ఏటి గీత ఆ ఏటిదే. నిరుటి చోట గీయరు. గీతకు ఇల్లు అడ్డం వస్తే ఆ ఇంటివాడే దానిమీద తొలి పలుగు వేయాలి. ఇంకొకడు వేస్తే ఇసుక వదలదని వారి నమ్మకం.

"అయితే ఈ తీరాన్ని మార్చింది మీరేనన్నమాట!"

"మేం మార్సేదేటి బాబూ? అదే మారతాది. మేం దారిస్తాం, అంతే."

రాజుకు ఆ మాట రుచించలేదు. సముద్రుణ్ణి మెప్పించి తన తీరాన్ని తిరిగి తెచ్చుకుంటానన్నాడు. నవ్వుతుందనుకున్న పైడమ్మ నవ్వలేదు. ఏరుతున్న చేపలు ఒడిలోనే వదిలేసి, చిన్న గొంతుతో అడిగింది: "ఆ రోజులే ఒచ్చీస్తే... ఆడు కూడా ఒస్తాడేటి బాబూ?"

శాస్త్రాలు చదివిన రాజుకు సమాధానం తెలుసు. కాని చెప్పలేదు.

అంతట మణికేతుడు కిరీటం విప్పి పక్కన పెట్టి, నడుముదాకా నీటిలో నిలబడి, ఆహారనిద్రలు మాని, తదేకధ్యానంతో ఘోరమైన తపస్సు చేశాడు. అలలు ఆయన్ని పడగొట్టాయి, లేచాడు. ఉప్పు చర్మాన్ని కొరికింది, సహించాడు. చివరకు జలరాశి రెండుగా చీలి, నురుగే వస్త్రంగా, పగడాలే భూషణాలుగా, గంభీరఘోషుడైన రత్నాకరుడు ప్రత్యక్షమయ్యాడు.

"వత్సా, ఏమి కావాలి?"

"స్వామీ, నేను విడిచి వెళ్ళిన ఉదయం ఈ తీరం ఎలా ఉందో అలాగే మళ్ళీ కావాలి. ఇక ఎన్నటికీ మారకూడదు."

సముద్రుడు కాస్త వెనక్కి తగ్గాడు. "ముత్యాలున్నాయి. అందరూ అవే అడుగుతారు."

"నా భాండాగారంలోనూ ఉన్నాయి."

"మణికేతా! ఇది ఇచ్చాక తిరిగి తీసుకోవడం నా తరం కాదు. నువ్వు అడిగినదాన్ని నువ్వే విడవాలి."

"నేనెందుకు విడుస్తాను?"

"తథాస్తు" అని సముద్రుడు అంతర్ధానమయ్యాడు.

రాజు వెనుదిరిగి చూసేసరికి పొన్నతోపు ఉంది. మొగలిపొదలు ఉన్నాయి. ఇసుకమీద చిన్నపిల్లవాడి పాదముద్రలు ఉన్నాయి. రాజు పరుగెత్తుకుంటూ ఆశ్రమంలోకి వెళ్ళాడు. గురువు కూర్చునే జింకచర్మం ఇంకా వెచ్చగానే ఉంది. గోడకు ఆయన యోగదండం చేరవేసి ఉంది. గురువు మాత్రం లేడు. అది ఆయన స్నానానికి వెళ్ళిన ఉదయం మరి. ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడన్నట్టే ఉంది అక్కడ అంతా. మణికేతుడు గడపలో కూర్చొని, సముద్రంవైపు దారి చూస్తూ ఉండిపోయాడు.

పల్లెలో పైడమ్మ పాత ఇల్లు కూడా లేచింది. ఆమె చూరు కింద వేలాడుతున్న వలను తడిమి, పరుగున రాజు దగ్గరికి వచ్చింది. "బాబూ, వల తడిగుంది! ఇప్పుడే ఏసొచ్చినట్టుంది!" అని, రాజు జవాబు చెప్పకముందే వెనక్కి వెళ్ళి తన గడపలో కూర్చుంది. ఇద్దరూ అలా ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

వేసవి గడిచింది. పడమట మబ్బులు కమ్ముకున్నాయి. జాలరులు పలుగులూ పారలూ పట్టుకొని పైడమ్మ ఇంటిముందు చేరారు.

"అత్తా, మొగ మూసుకునుంది. కొండల్లో వాన పడతాంది. గీత గియ్యవా?" అన్నాడు ఆమె మేనల్లుడు సింహాద్రి.

"గీస్తే నా ఇంటిమీదుగానే పోవాలి. ఈ యేడు గీత లేదు. పోండి."

"అత్తా..."

"ఆడొచ్చి ఇల్లెక్కడని అడిగితే నువ్వు సెప్తావేట్రా?"

పెద్దది గీయని గీతను ఇంకొకరు గీయకూడదు. అలా ఆ యేడు మొగ తెరుచుకోలేదు.

అప్పుడు పడింది వాన. కొండలనుంచి ఎర్రనీరు ఉరుకుతూ వచ్చి, ఇసుకమేట దగ్గర ఆగి, వెనక్కి తిరిగి పల్లెలోకి పొంగింది. జాలరులు ఆచారం పక్కన పెట్టి తవ్వారు. తవ్విన గుంత చూస్తుండగానే పూడిపోయింది. మళ్ళీ తవ్వారు, రేణువు రేణువూ వెనక్కి వచ్చి చేరింది. మారకూడదని అడిగిన తీరం మారనంటోంది. నీరు మోకాళ్ళు దాటింది. పిల్లల్ని పడవల్లోకి ఎక్కించారు. ముసలివాళ్ళు కప్పులమీదికి ఎక్కారు.

ఆ ఎర్రని నీటిమీద, మొగలిరేకుల వంటి కన్నులు, చెదిరిన కొప్పు, కంటినిండా నీరుతో కేతకీ దేవి నిలిచింది. మేటకు అవతల సముద్రుడు కెరటాల చేతులు చాచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా మణికేతుడి ఉదయం అడ్డంగా ఉంది.

"రాజా! పుట్టింటినుంచి బయల్దేరిన దాన్ని. వెనక్కి పోవడం నాకు లేదు. ముందుకు పోనివ్వకపోతే, నన్ను తల్లీ అని పిలిచే ఈ పిల్లల్నే ముంచుతాను. అది నా చేత చేయించకు!" అంది ఆ పుణ్యనది.

"స్వామీ, నీ వరం తీసుకో!" అని రాజు సముద్రుణ్ణి వేడుకున్నాడు.

"ముందే చెప్పాను వత్సా. అది ఇప్పుడు నాది కాదు."

ఆ మాట పైడమ్మ విన్నది. నడుములోతు నీటిలో ఇంటినుంచి బయటికి వచ్చి, తన గడపనుంచి ఆశ్రమంవైపు, ఆశ్రమం గడపనుంచి సముద్రంవైపు, నీటి అడుగున ఇసుకను బొటనవేలితో గీసుకుంటూ నడిచింది. తిరిగివచ్చి, సింహాద్రి చేతిలో పలుగు లాక్కొని, తన ఇంటి మూలరాటకు ఒక్కటేసింది. రాట ఒరిగింది.

"వల తియ్యత్తా!" అని సింహాద్రి అరిచాడు.

"తడిది. బరువు. ఉండనీ" అందామె.

ఇంటి కింది ఇసుక వదిలింది. నీరు ఆశ్రమందాకా వచ్చి, మళ్ళీ ఆగింది. అందరూ రాజువైపు చూశారు. పైడమ్మ పలుగు ఆయన చేతికిచ్చింది.

"ఇక్కడ తొలి పలుగు నీది బాబూ."

మణికేతుడు పలుగు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. "గురువుగారు వస్తే?"

"ఆరొచ్చేవోరైతే ఈపాటికి ఒచ్చీసుందురు."

"నేను చెప్పకుండా వెళ్ళిపోయాను పైడమ్మా. నమస్కారం కూడా పెట్టలేదు."

"అయితే ఇప్పుడెట్టు. బేగి ఎట్టు, పిల్లలు తడుస్తన్నారు."

రాజు ఆ ఖాళీ జింకచర్మం ముందు సాష్టాంగపడ్డాడు. నీరు తలమీదుగా పారింది. లేచి, "గురుదేవా, వెళ్ళివస్తాను" అని గట్టిగా, గడప అవతలికి వినబడేలా చెప్పి, పలుగెత్తి ఆ గడపమీద వేశాడు.

ఇసుక ఒక్కసారిగా వదిలింది. పొన్నచెట్లు, పొదలు, పాదముద్రలు, ఆశ్రమం అన్నీ ఎర్రనీటిలో కలిసి ఉరికాయి. జాలరులు రాజు నడుముకు తాడు వేసి లాగకపోతే ఆయనా పోయేవాడే. కేతకి గర్జిస్తూ వెళ్ళి సముద్రుడి ఒడిలో పడింది. పల్లెలో నీరు మోకాళ్ళకు, మడమలకు, తరువాత బురదకు దిగింది. పిల్లలు పడవల్లోనుంచి దూకారు. అప్పుడే సముద్రపు చేపలు నదిలోకి ఎదురెక్కడం మొదలుపెట్టాయి.

సంతుష్టురాలైన కేతకీ దేవి, భర్త పక్కన నిలిచి, "మణికేతా, దారిచ్చావు. వరం కోరుకో" అంది.

"వరాలు అడగడం నాకు చేతకాదని తేలిపోయింది తల్లీ."

దేవి నవ్వింది. "అయితే అడగకుండానే ఇస్తాను. నాకు దారిచ్చినంతకాలం ఈ పల్లెను నా వరద ముంచదు. నా నీరు ఈయనలో కలిసే చోట మునిగినవారికి, పోగొట్టుకున్నది ఒక్క ఊపిరిసేపు కనబడుతుంది. ఒక్క ఊపిరే. పైకి తేలాక ఏ తీరం ఉంటే అదే వారి తీరం."

దేవతలు పుష్పవృష్టి కురిపించారంటారు. జాలరులు మాత్రం మొగలిరేకులు కొట్టుకొచ్చాయంటారు. మర్నాటి ఉదయం మణికేతుడూ పైడమ్మా కొత్త మొగ దగ్గర నీటిలో దిగారు.

రాజు మునిగాడు. ఆశ్రమం దారి కనబడింది. ఆ దారిలో తడి వల్కలాలతో, చేతిలో కమండలంతో శంఖపాద మహర్షి వస్తున్నాడు. శిష్యుణ్ణి చూశాడు. ఏమీ అడగలేదు. చెయ్యెత్తి దీవించాడు.

ఊపిరి అయిపోయింది. రాజు పైకి తేలి, "ఇంకొక్క..." అనబోయి, ఆ మాట మింగేశాడు.

పక్కనే పైడమ్మ తేలింది. నెరసిన జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరు ఎవరిని చూశారని ఒకరినొకరు అడగలేదు. ఎదురుగా, నిన్నటిదాకా లేని ఇసుకతిన్నె ఎండలో మెరుస్తోంది. దానిమీద పల్లెపిల్లలు అప్పుడే కేకలేస్తూ పరుగులు పెడుతున్నారు.

"ఎలాగున్నాయి బాబూ నీళ్ళు?"

"ఉప్పగా ఉన్నాయమ్మా."

"మరింకేటి, అంతా బాగున్నట్టే" అని పైడమ్మ కొంగు పిండుకుంటూ గట్టెక్కింది.