పెరిగిపోయిన పెంకుటిల్లు

తెలివి ఎక్కడుంటుందని అడిగితే పెద్దలు తలలో ఉంటుందంటారు. తవిటయ్య మాత్రం తమ ఇంట్లో ఉంటుందనేవాడు. అతని భార్య పోలమ్మకూ, తల్లి నూకాలమ్మకూ ఆ విషయంలో ఏనాడూ సందేహం కలగలేదు.

ఒకనాడు పంచాయతీ గుమాస్తా వచ్చి, "రేపు ఇల్లు కొలుస్తాను. ఇల్లు ఎంత పెద్దదైతే పన్ను అంత" అని చెప్పి వెళ్ళాడు. ముగ్గురి గుండెల్లో రాయి పడింది. పన్ను ఎక్కువైతే అమ్ముకోవడానికి వాళ్ళకున్నది గౌరి అనే పాడిగేదె ఒక్కటే.

"ముందే మనం కొలుచుకుంటే పోలేదా!" అన్నాడు తవిటయ్య. నేల మీద వెల్లకిలా పడుకుని, లేచి, తల ఆనినచోట మడమలు పెట్టి మళ్ళీ పడుకుని, ఇల్లు ఐదుగురు తవిటయ్యల పొడవని తేల్చాడు.

"నీ లెక్క నమ్మలేనయ్యా" అంటూ పొట్టి పోలమ్మ పడుకుని కొలిచింది. ఏడుగురు పోలమ్మలు!

నడుము వంగిన నూకాలమ్మ ముడుచుకుని కొలిస్తే తొమ్మిది. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు.

"చూస్తుండగానే పెరిగిపోతోందిరా నాయనా! తెల్లారేసరికి ఊరు దాటిపోతుంది!"

తవిటయ్య చాలాసేపు ఆలోచించాడు. ఏదీ ఊరికే పెరగదు. దానికి ఏదో ఒక బలం అందుతూ ఉండాలి.

"గోడ పక్కనే గౌరిని కట్టామే! పేడ బలమంతా పునాదికి పడుతోంది!"

అంతే. గౌరిని పెరటి చివరికి తోలారు. పునాదికి తడి తగలకూడదని ఇంట్లో నీళ్ళన్నీ వీధిలో పారబోశారు. అయినా భయం తీరక, గౌరి పలుపుకు బావి చేంతాడు ముడేసి, ఇంటి చుట్టూ బిగించి కట్టారు. తాడు గుమ్మానికి అడ్డంగా పడింది. తిండి లోపల, ముగ్గురూ బయట. పలుపు లేని గౌరి పక్కింటి గోంగూర మడి మేసి వచ్చింది.

మర్నాడు గుమాస్తా టేపు పెట్టి కొలిచాడు. "చిన్న ఇల్లే. పన్ను ఒక కోడిపెట్ట ఖరీదుకు మించదు. ఈ తాడేమిటి?"

"పెరగకుండా, బాబూ!"

గుమాస్తా వాళ్ళ ముఖాలకేసి చూసి, గబగబా నడిచాడు.

గౌరి దక్కింది. నూకాలమ్మ దాని మెడ నిమురుతూ, "పన్ను ఇంతేనా? అలాంటప్పుడు ఇంకో గది పెరిగినా పన్ను కట్టలేమట్రా?" అంది.

అంతే! తాడు విప్పారు. గౌరిని గోడ పక్కకు తెచ్చారు. పునాది చుట్టూ పేడ పోసి నీళ్ళు పెట్టారు. పొద్దున తవిటయ్య కొలిస్తే ఐదే. సాయంత్రం నూకాలమ్మ కొలిస్తే తొమ్మిది!

"ఎరువు పట్టిందే కోడలా!"

పోలమ్మ ఆనందంగా మంచం ఎత్తుకుని కొత్త గదిలోకి నడిచి, గోడకు ఠప్పున గుద్దుకుంది. నుదురు రుద్దుకుంటూ తృప్తిగా అంది:

"గది వచ్చేసిందత్తా. తలుపే ఇంకా మొలవలేదు!"