తాంబూలం మింగిన పెట్టె

కుందవరం రాజు మార్తాండభూపతికి యుద్ధమంటే భయం లేదు గానీ, పెళ్లాం పిల్లతో ప్రయాణమంటే మాత్రం చెమటలు పట్టేవి. కారణం లేకపోలేదు. కిందటిసారి అత్తారింటికి బయల్దేరితే, కోట దాటీ దాటగానే ఐదేళ్ల కూతురు నీలవేణి తన చెక్కచిలక కావాలని ఏడుపు లంకించుకుంది. చిలకేమో వెనక సామాను బండిలో, మూటల అడుగున ఎక్కడో ఉంది. పిల్లని ఊరుకోబెట్టడానికి మహారాజుగారు పల్లకీలోంచి కోడిలా కూశారు, మేకలా అరిచారు. నవ్వాపుకోలేక బోయీలు పల్లకీ కింద పెట్టేశారు.

ఈసారి రాణి కనకాంబ ముందే తేల్చి చెప్పింది.

"ఈసారి గనక పిల్ల ఏడ్చిందంటే, నేనూ అదీ మా అమ్మ దగ్గరే ఉండిపోతాం. మీరొక్కరే తిరిగి రండి."

రాణి అన్నదంటే అన్నట్టే. మర్నాడే రాజు సభలో చెప్పాడు, పాప సామానుకి సరైన పెట్టె ఎంచి తెచ్చినవాళ్లకి తన చేతి కంకణం ఇస్తానని.

ముందుగా లేచినవాడు గుండయామాత్యుడు. ప్రయాణాల ఏర్పాట్లన్నీ చూసే మంత్రి. తుమ్మినా అందులో తన గొప్ప చెప్పుకునే రకం. ఆయన చేయించిన పెట్టెని నలుగురు రొప్పుతూ మోసుకొచ్చారు. టేకు చెక్క, ఇత్తడి పట్టీలు, మూత మీద సింహం బొమ్మ, ముందువైపు వరసగా తాళాలు. సభంతా ఆహా అంది.

"మామగారు చూస్తే అదిరిపోవాలి," అన్నాడు రాజు మీసం సవరించుకుంటూ.

అప్పుడు ముందుకొచ్చాడు ఓబన్న. రాజుగారికి తాంబూలం అందించడం అతని పని. తేలిక పనేం కాదు. మార్తాండభూపతికి ఘడియ ఘడియకీ నోట్లో తాంబూలం పడాలి, పడకపోతే లోకమంతా చేదే. అందుకని ఓబన్న ఎప్పుడూ తాంబూలపు పెట్టెతో సింహాసనం పక్కనే ఉండేవాడు. ఇవాళ రెండో చేతిలో తాటాకుతో అల్లిన బుల్లి పెట్టె ఒకటుంది. దానికి తాళం లేదు, లాక్కుపోవడానికి ఒక తాడు మాత్రం ఉంది.

"ఇదేమిట్రా, చేపల బుట్టా?" అన్నాడు గుండయామాత్యుడు.

"పాపగారి పెట్టెండి."

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. నీలవేణి మాత్రం తల్లి ఒళ్లోంచి జారి వచ్చి, తాటాకు పెట్టె తాడు పట్టుకుని బరబరా లాక్కుంటూ అంతఃపురంలోకి పోయింది. పెద్దవాళ్లెవరూ అటు చూడలేదు.

రాజు కంకణం తీసి గుండయామాత్యుడికి ఇవ్వబోతుంటే ఓబన్న అడ్డం వచ్చాడు.

"ఇచ్చేముందు ఈ పెట్టె ఏపాటిదో చూడొద్దా ప్రభూ? అందులో ఏదైనా పెట్టి, ప్రయాణానికి కట్టినట్టే కట్టి చూద్దాం."

"పెట్టరా, ఏది కావాలంటే అది పెట్టు. దొంగల తాత దిగొచ్చినా బయటికి తియ్యలేడు," అన్నాడు గుండయామాత్యుడు.

ఓబన్న తాంబూలపు పెట్టె అందులో పెట్టాడు. చంకలోని గుడ్డమూట కూడా తీసి దాని పక్కన పడేశాడు. గుండయామాత్యుడు దగ్గరుండి వాటి మీద పరుపులూ దుప్పట్లూ కుక్కించాడు. తాళాలు బిగించి, మోకులతో కట్టించి, తాళంచెవుల గుత్తి తాళాల అధికారి చేతికిచ్చి, ఏనుగెక్కించి పంపించేశాడు.

"అతను వెనక ఏనుగు మీద వస్తాడు ప్రభూ. పెట్టె ఒకచోట, చెవులు ఒకచోట. భద్రత అంటే అలా ఉండాలి."

రాజు మెచ్చుకున్నాడు. కాసేపు వేరే సంగతులు నడిచాయి. తర్వాత రాజు అలవాటుగా చెయ్యి పక్కకి చాపాడు. చేతిలో ఏమీ పడలేదు.

"ఓబన్నా, తాంబూలం."

"పెట్టెలో ఉంది ప్రభూ."

"తియ్యి మరి."

"మనం ప్రయాణంలో ఉన్నాం గదా ప్రభూ. చెవులు ఏనుగు మీద ఉన్నాయి."

ఏనుగేమో ఏటికి స్నానానికి పోయింది. దాని మీదున్న తాళాల అధికారి కోసం మనిషి పరిగెత్తాడు.

రాజు కాసేపు ఓర్చుకున్నాడు. సింహాసనం మీద ఇటు కదిలాడు, అటు కదిలాడు. కిరీటం బరువుగా ఉందని తీసేశాడు. "ఒక్క ఆకు చాలయ్యా, వక్క లేకపోయినా సరే," అని బతిమాలాడు. గుండయామాత్యుడు ముడి విప్పబోతే గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు.

"నాకు ఇప్పుడే కావాలి," అంటూ రాజు కాళ్లు దబదబా నేలకేసి కొట్టాడు. దిగొచ్చి పెట్టెని ఒక్క తన్ను తన్నాడు. పెట్టెకి ఏమీ కాలేదు. మహారాజు మాత్రం బొటనవేలు పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పాపం.

అంతలో బరబరా చప్పుడైంది. నీలవేణి తాటాకు పెట్టె లాక్కుంటూ వచ్చి తండ్రి ముందు ఆగింది. మూత ఎత్తి, చెక్కచిలకనీ గులకరాళ్లనీ పక్కకి నెట్టి, ఒక బెల్లంముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.

"ఏడవకు నాన్నా. చిలకని కూడా ఇస్తాలే. అమ్మమ్మ ఊళ్లో దిగాక ఇచ్చెయ్యి."

రాజు బెల్లం చప్పరిస్తూ ఓబన్న వైపు గుర్రుగా చూశాడు.

"ఏమిట్రా ఇదంతా?"

ఓబన్న వంగి దణ్ణం పెట్టాడు.

"మంత్రిగారి పెట్టె దొంగ చేతికి అందదు ప్రభూ. మనకి కావలసింది పాప చేతికి అందే పెట్టె."

ముందు రాణి పకపకా నవ్వింది. "ఈ తాటాకు పెట్టె ఉంటే పిల్ల ఏడవదు, నేనూ తిరిగొస్తాను. దారిలో మీరు ఏడవనంటేనే సుమండీ," అంది. దాంతో సభంతా గొల్లుమంది. నవ్వనివాడు గుండయామాత్యుడొక్కడే. ఆయన ఇంకా ఆ ముడితోనే కుస్తీ పడుతున్నాడు.

రాజు కంకణం ఓబన్న చేతికి తొడిగాడు. ప్రాణం లేచొచ్చినట్టుంది ఆయనకి.

"ఇంకేం కావాలో కూడా కోరుకో ఓబన్నా."

"ఆ ఏనుగుని కాస్త తొందరగా తోలుకు రమ్మనండి ప్రభూ. నా అన్నం మూట కూడా ఆ పెట్టెలోనే ఉంది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, ఓబన్నని తన పంక్తిలోనే భోజనానికి లాక్కుపోయాడు. తాంబూలం మాత్రం ఆ పూట ఇద్దరికీ లేదు.